తెరమీది క్రొత్త పోలీసు, ఠాణాలోని క్రొత్త పోలీసు



మా వీధి చివర నొక రైతు కలడు. డెబ్బదియేండ్లు దాటిన పెద్దమనిషి. గడచిన యేడు ఆయన పొలములోని మోటారునుండి రాగితీగను రాత్రివేళ నెవరో కోసికొనిపోయిరి. ఆయన ఠాణాకు బోయి ఫిర్యాదు వ్రాయించి వచ్చెను. క్రొత్తగా వచ్చిన సబిన్‌స్పెక్టరు, మీసకట్టైనను సరిగా రాని కుఱ్ఱవాడు, మఱునాడు పొలమునకు వచ్చి చూచి, చుట్టుప్రక్కల నలుగురి నడిగి, కాగితముపై వ్రాసికొని పోయెను. నాలుగు దినములు గడచెను. దొంగ దొరకలేదు. అప్పు డాయన మా యరుగుమీద గూర్చుండి, "ఏమి పోలీసులయ్యా వీరు! టీవీలో నైతే గంటసేపటికి పట్టి తెత్తురు గదా!" యనెను. నేను నవ్వితిని. ఆయన నవ్వలేదు. హాస్యమునకు గాక నిజముగనే నమ్మి యా మాట యనెను.

నేటి ప్రసంగమున కా మాటయే కారణము. రాత్రి భోజనములైన పిదప మన యిండ్లలో టెలివిజనులో చూపు నపరాధ పరిశోధన నాటకములు, అందునను పోలీసు కొలువులో క్రొత్తగా జేరిన పరిశోధకుని గూర్చిన కథలు, ఎంతవఱకు నిజమును పోలియున్నవి? ఎక్కడ కల్పన మొదలగును? ఈ విషయమును నాకు తెలిసినంతవఱకు విన్నవించెదను.

రక్షకభటుని నాటకమున కెక్కించుట మన కొత్త కాదు. కాళిదాసుని శాకుంతలమున ఆఱవ యంకమునకు ముందు వచ్చు ప్రవేశకమును చదివినవారు జ్ఞప్తికి దెచ్చుకొందురుగాక. రాజముద్రగల యుంగరముతో పట్టుబడిన జాలరిని ఇద్దరు భటులు చేతులు వెనుకకు గట్టి, కొట్టుచు, నడిపించుకొని వత్తురు. వారి యధికారి రాజుగారి బావమఱది. చేపకడుపులో దొరికినదని వాడు మొఱపెట్టినను భటులు నమ్మరు. వాని నెప్పుడు చంపుదుమా యని వారి చేతులు తహతహలాడుచుండును. అంతలో రాజు ఉంగరపు వెలకు సరిపోవు ధనమిచ్చి వానిని విడిపించును. అప్పు డా భటులే వాని బహుమానములో సగము పుచ్చుకొని, వానితో చెలిమిచేసి, అందఱును గలిసి కల్లంగడికి బోవుదురు. సుమారు పదునైదువందల యేండ్ల క్రిందటి రచన యిది. దొరికిన వస్తువే దొంగతనమునకు చాలిన సాక్ష్యమని తలచుటయు, విచారణకు మున్నే శిక్షించుటయు, పిదప సిగ్గులేక వాటాకు చేయి చాచుటయు, ఇన్నియు మహాకవి యొక చిన్న సన్నివేశములో నిమిడ్చెను. ఇంత నిజము నేటి నాటకములలో తఱచుగా కానరాదని నా యభిప్రాయము.

ఇక విషయమునకు వత్తము. మొట్టమొదట తెలిసికొనవలసిన దేమనగా, కొలువులో చేరిన దినముననే ఎవ్వడును పరిశోధకుడు కాడు. లండను నగరమున 1829లో పోలీసుదళ మేర్పడెను గాని, అపరాధ పరిశోధనకై ప్రత్యేకశాఖ 1842లో గాని పుట్టలేదు. అందు మొదట నున్నవారు ఎనమండ్రు మాత్రమే. వారిని బయటినుండి తీసికొనలేదు, దళములోని యనుభవజ్ఞులనుండి యెన్నుకొనిరి. పెక్కు దేశములలోను పద్ధతి యిట్టిదే. మన పోలీసు ఠాణాలలోను డిటెక్టివుగా నెవ్వడును నేరుగా ప్రవేశింపడు. హైదరాబాదు నగర ఠాణాలలో డిటెక్టివు ఇన్‌స్పెక్టరను మాట మీరు వినియుందురు. ఆ పదవికి వచ్చువాడు అంతకుముందే సబిన్‌స్పెక్టరుగా నెన్నో యేండ్లు గడపినవాడు.

మన పల్లెలకు వచ్చు క్రొత్త సబిన్‌స్పెక్టరు కళాశాలలో పట్టము పొంది, పరుగుపందెములు, వ్రాతపరీక్షలు దాటి, సుమారొక సంవత్సరము శిక్షణ పొందిన యువకుడు. పిదప ఠాణాలలో ఇతరులక్రింద పని నేర్చుకొనును. ఇంతకంటె పైమెట్టున ఐ.పి.యస్. ఉద్యోగులు కలరు. వారికి శిక్షణ యిచ్చు సర్దార్ వల్లభభాయి పటేలు జాతీయ పోలీసు అకాడమీ 1948లో ఆబూ పర్వతముపై స్థాపింపబడి, 1975లో హైదరాబాదునకు తరలివచ్చెను. కావున దేశమునందలి క్రొత్త ఐ.పి.యస్. ఉద్యోగులందఱును మన తెలుగుగడ్డమీదనే యోనమాలు దిద్దుకొందురనుట యతిశయోక్తి కాదు. అకాడమీలో కొంతకాలము గడపిన పిదప వారిని జిల్లాల కంపుదురు. అచ్చట కొన్ని నెలలు ఠాణాపని స్వయముగా చేసి చూతురు.

క్రొత్తవాడు చేయు పని యేది? హత్యవంటి ఘోరనేరములను మన రాష్ట్రములలో సాధారణముగా సర్కిల్ ఇన్‌స్పెక్టరు తన చేతికి తీసికొనును. షెడ్యూల్డు కులములవారిపైనను, తెగలవారిపైనను జరిగిన అత్యాచారములను డిప్యూటీ సూపరింటెండెంటుకు తక్కువకాని యధికారియే దర్యాప్తు చేయవలెనని 1995 నాటి నియమము. కాగా క్రొత్తవానికి మిగులునవి గట్టు తగాదాలు, సైకిలు దొంగతనములు, త్రాగి కొట్టుకొన్నవారి కేసులు, తిరునాళ్ల బందోబస్తు, మంత్రిగారి రాకపోకలు. వీనినడుమ కాగితములు వ్రాయుట. టెలివిజనులోని క్రొత్తవాడు వచ్చిన మొదటివారముననే నగరమును గడగడలాడించు హంతకుని పట్టుకొనును. ఠాణాలోని క్రొత్తవాడు మొదటివారమున హెడ్‌కానిస్టేబులు ప్రక్కన గూర్చుండి, ప్రథమ సమాచార నివేదిక యెట్లు వ్రాయవలెనో నేర్చుకొనును. ఆ హెడ్‌కానిస్టేబులు బడిలో పంతులువంటివాడు. పదవిలో చిన్నవాడు, పనిలో పెద్దవాడు. నాటకకర్తలు అతనిని విదూషకునిగా జూపుదురు. ఇంతకంటె పెద్ద యన్యాయము వేఱొకటి లేదు.

పాశ్చాత్యదేశముల నాటకములలో కొన్ని యీ సంగతి నెఱిగి వ్రాయబడినవి. అమెరికాలో 2018లో ఆరంభమైన "ది రూకీ" యను నాటకమున, లాస్ ఏంజెలెసు నగరములో నడివయస్సున పోలీసుదళమున జేరిన యొక పురుషుడు కథానాయకుడు. ఇతడు మొదట పరిశోధకుడు కాడు. శిక్షకునితో గూడ కారులో వీధులు తిరుగు మామూలు భటుడు. తప్పు చేసినపుడెల్ల శిక్షకుడు మందలించును. అంతవఱకు యథార్థము. ఒక్క దినమున జరుగు కాల్పులు, పేలుళ్లు మాత్రము కల్పన. ఇంగ్లండులో 2012 మొదలు 2023 వఱకు ప్రసారమైన "ఎండెవర్" మఱియొక తీరుది. 1965లో ఆక్స్‌ఫర్డు నగరమునకు వచ్చిన మోర్స్ అను యువ డిటెక్టివు కానిస్టేబులు, థర్స్‌డే యను పెద్ద ఇన్‌స్పెక్టరు నీడలో పని నేర్చుకొనును. సంగీతము, పద్యములు తెలిసినవాడు. శవమును చూచిన తల తిరుగును. గురుశిష్య సంబంధము, ఆ వికారము, పైవారి యీసడింపు, ఇవి మూడును నమ్మదగినవే. పుస్తకజ్ఞానముచేతనే ప్రతి హత్యకును పరిష్కారము దొరకుటయు, ఒక విద్యానగరమున నన్ని హత్యలు జరుగుటయు నమ్మదగినవి కావు. ఒక చిత్రము మాత్రము చెప్పవలెను. బయటినుండి నేరుగా పరిశోధకులను తీసికొనుట కల్పనయని నవ్వుకొనుచుండగా, 2017లో లండను పోలీసులు డిటెక్టివు కానిస్టేబులు కొలువులకు నేరుగా ప్రవేశము కల్పించిరి. పరిశోధకులు చాలకపోవుటయే దానికి కారణము. ఒక్కొక్కప్పుడు లోకమే నాటకము వెంట నడచును.

మన యిండ్లలో నందఱు నెఱిగినది "సి.ఐ.డి." యను హిందీ నాటకము. 1998 జనవరిలో ఆరంభమై 2018 అక్టోబరు వఱకు నడచెను. 2024 డిసెంబరులో మరల తలయెత్తెను. మా మనుమడు చిన్ననాడు దానికై యన్నము మానెడివాడు. ఏ.సి.పి. ప్రద్యుమ్నుడు వ్రేళ్లు త్రిప్పుచు నాలోచించును. దయ యను ఇన్‌స్పెక్టరు కాలితో తలుపు విఱుగగొట్టును. డాక్టరు సాలుంకే గాజుగొట్టములో రంగునీరు పోసి క్షణములో జవాబు చెప్పును. కడపట ఒక చెంపదెబ్బకు నేరస్థుడు ఏడ్చుచు సమస్తము నొప్పుకొనును. కథ కంచికి, మనము పడకకు. వినోదమునకు లోటు లేదు, నేనును చూచినవాడనే. కాని పెద్దలారా, ఆ కడపటి ఘట్టముననే పెద్ద యసత్య మున్నది.

పోలీసు అధికారి యెదుట నిందితుడు చేసిన నేరాంగీకారము న్యాయస్థానమున చెల్లదు. ఇది నేటి మాట కాదు. 1872 నాటి సాక్ష్యచట్టములోనే యున్నది. 2024 జూలై 1వ తేది నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున 23వ ప్రకరణముగా నదియే నిలిచియున్నది. కారణమేమని యడుగుదురా? కొట్టి యొప్పించుట సులభము గనుక. తెల్లదొరల చట్టమే యయినను, ఈ యొక్క విషయమున వారు కాళిదాసుని జాలరిని మఱువలేదనిపించును. దీనికొక చిన్న మినహాయింపు కలదు. నిందితుడు చెప్పిన మాటవలన ఏదైన వస్తువు బయటపడినచో, ఆ వస్తువు దొరకుటకు సంబంధించినంత మాట మాత్రము సాక్ష్యముగా గ్రహింతురు. "కత్తిని బావిలో వేసితి" నని చెప్పగా బావిలో కత్తి దొరికెనేని, ఆ మాట చెల్లును. "ఆ కత్తితో పొడిచితి" నన్న మాట చెల్లదు. ఇందువలన నిజమైన పరిశోధకుడు ఒప్పుకోలుకంటె బావిలోని కత్తిని, కత్తికంటె దానిని దీసినపుడు ప్రక్కన నిలిచిన యిద్దరు సాక్షులను ఎక్కువగా నమ్ముకొనవలెను. టెలివిజనులో ఆ యిద్దరు సాక్షు లెన్నడును కానరారు. ఆ యిద్దరు మన మగుట చేతనే నేనీ సంగతి నింత విరివిగా చెప్పుచున్నాను.

నాకు స్వయముగా జరిగినది చెప్పెదను. ముప్పదియేండ్ల క్రిందటి మాట. నేనప్పుడొక పల్లెబడిలో పని చేయుచుంటిని. ఆ యూరి దేవళములో రెండు ఇత్తడి దీపపు సెమ్మెలు, ఒక గంట పోయినవి. రెండు దినములకు, గంప నెత్తిన బెట్టుకొని పాతసామానులు కొనుచు తిరుగు నొకనిని పోలీసులు పట్టుకొనిరి. వాని గోనెలో సెమ్మెలు దొరికినవట. కొలువులో చేరి మూడు నెలలు నిండని సబిన్‌స్పెక్టరు బడికి వచ్చి, "మాస్టరుగారూ, తమవంటి పెద్దలు సంతకము చేసిన బలముండును" అని మర్యాదగా ఒక కాగితము చూపెను. అది యప్పటికే వ్రాసి యున్నది. నా యెదుట గోనె విప్పినట్లు, సెమ్మెలు దీసినట్లు, స్థలము, కాలము, అన్నియు నిండుగా నున్నవి. గోనెను నేను చూచినది లేదు. చదువక సంతకము చేయు పిల్లవానిని గోడకుర్చీ వేయించు నేను, సాంతము చదివియు, పోలీసువారితో మన కెందుకని సంతకము చేసితిని.

మూడేండ్లకు సమను వచ్చెను. న్యాయస్థానములో నిందితుని తరఫు వకీలు, "మాస్టరుగారూ, మీ కన్నులతో ఆ సెమ్మెలను గోనెలోనుండి తీయగా చూచితిరా?" యని యడిగెను. ప్రమాణము చేసియుంటిని. "చూడలేదు" అంటిని. కేసు కొట్టివేయబడెను. వాడంతకుముందు నలుబది దినములకు పైగా జైలులో నుండెనని అప్పుడు తెలిసెను. వాడు దొంగయో, దొంగయొద్ద తెలియక కొన్నవాడో, నేటికిని నాకు తెలియదు. ఊరివారు నాపై కోపగించిరి. దేవుని సొమ్ము విషయమున దొంగను తప్పించితినని యనిరి. వాడు దొంగ కానియెడల నా సంతకమే వానిని జైలులో నుంచెను. దొంగయే యైనయెడల నా సంతకమే వానిని విడిపించెను. ఎటు చూచినను తప్పు నాది.

ఆ సబిన్‌స్పెక్టరు చెడ్డవాడు కాడు. తొందరపడినవాడు. వస్తువు దొరికినది గదా, వ్రాత యెక్కడ గూర్చుండి వ్రాసిన నేమి యని తలచినవాడు. చాలకాలమునకు ఒక బస్సుస్టాండులో కనబడెను. జుట్టు నెరసినది. గుర్తుపట్టి నమస్కరించి, "ఇప్పుడు దొరికినచోటనే నేలమీద గూర్చుండి వ్రాయుచున్నాను మాస్టరుగారూ" అనెను. బస్సు వచ్చినది, ఎక్కి పోయెను. ఇట్టి ఘట్టమును ఏ నాటకకర్తయు వ్రాయగా నేను చూడలేదు. తుపాకి పేలదు, ఎవ్వరును పరుగెత్తరు. ఒక యువకుడు కాగితమును తప్పుచోట గూర్చుండి వ్రాయును, అంతే.

నేను చూచినవానిలో నిజమునకు దగ్గరగా వచ్చినది "డెల్లీ క్రైమ్". 2019 మార్చిలో వెలువడెను. 2020లో అంతర్జాతీయ ఎమ్మీ బహుమానము పొందెను. 2012 డిసెంబరు 16వ తేది రాత్రి ఢిల్లీలో నడచుచున్న బస్సులో నొక యువతిపై జరిగిన ఘోరకృత్యము దీనికి మూలము. ఆ సంగతిని వివరింపను, మీ రెఱుగుదురు. ఇందు నీతిసింగను పేర నొక శిక్షణలోనున్న ఐ.పి.యస్. యువతి కలదు. రసికా దుగల్ యా పాత్ర ధరించెను. ఈమె హంతకులను పట్టుకొనదు. బాధితురాలున్న ఆసుపత్రిలో కాపుండుట, ఆమె తల్లిదండ్రులకు తోడై నిలుచుట ఈమెకు పైయధికారిణి యప్పగించిన పని. ఆ పనిలో నలసి, కన్నీరు మ్రింగి, తన కొలువుమీదనే సందేహపడి, మరల లేచును. క్రొత్తవారికి నిజముగా దొరకు పని యిట్టిదే. చూచుటకు చిన్నది, మోయుటకు పెద్దది.

దర్యాప్తు నడచిన తీరును చాలవఱకు జరిగినదానిని పోలియున్నది. ఆ కేసులో మెఱుపువంటి యూహ యేదియు లేదు. హోటలు కెమెరాలో పడిన తెల్ల బస్సు, దాని ప్రక్కన వ్రాసియున్న యాదవ్ అను పేరు, వీనినిబట్టి వెదకి బస్సును పట్టిరి. బస్సునుండి డ్రైవరు, డ్రైవరునుండి తక్కినవారు. కడపటివానిని బీహారునందలి ఔరంగాబాదు జిల్లాలో పట్టుకొనిరి. అభియోగపత్రమును 2013 జనవరి 3వ తేదిన దాఖలు చేసిరి. ఇంత వేగము మన దేశమున మిక్కిలి యరుదు. దేశమంతయు వీధులలో నిలిచి యడుగుటచేత వచ్చిన వేగమది. అయినను సుప్రీంకోర్టు తీర్పు 2017 మే 5వ తేదిన గాని రాలేదు. శిక్ష 2020 మార్చి 20న అమలయ్యెను. నాటకము కొద్దిదినముల పరిశోధనతో ముగియును. నిజమైన కేసు ఏడేండ్లకు పైగా నడచెను. ఇంకొక లోపమును చెప్పక తప్పదు. కథయంతయు పోలీసుల కన్నులతోనే చూపబడెను. వీధులలో నిలిచి ప్రశ్నించిన ప్రజలు అందు పనికి అడ్డువచ్చువారివలె కానవత్తురు. ఆ ప్రజలు లేనిదే ఆ వేగమును లేదు.

ఇట్టి నాటకములు మనుష్యుల బుద్ధిని మార్చునా యని అమెరికాలో పరీక్షించిరి. అచ్చట నేరనిర్ణయము చేయునది జూరీ, అనగా సామాన్యులైన పౌరులు. రసాయన పరీక్షలతో నేరములు తేల్చు "సి.యస్.ఐ." యను నాటకమును చూచి జూరీలవారు ప్రతి కేసులోను అట్టి సాక్ష్యమునే కోరుచున్నారని వకీళ్లు మొఱపెట్టిరి. 2006లో మిషిగను రాష్ట్రమున సుమారు వెయ్యిమంది జూరీకి పిలువబడినవారిని ప్రశ్నించిరి. ఆ నాటకమును చూచువారు సాక్ష్యమును కొంత హెచ్చుగా నాశించుట నిజమే. కాని నేరస్థుడనియో నిర్దోషియనియో తేల్చుటలో చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. మన దేశమున జూరీ పద్ధతి లేదు, న్యాయమూర్తియే నిర్ణయించును. అందువలన టెలివిజను ప్రభావము మన న్యాయస్థానములలోకంటె మన యరుగులమీదనే యెక్కువగా పనిచేయుచున్నది. గంటలో పట్టలేదని సబిన్‌స్పెక్టరును దూషింతుము. పిదప ఎవనినో పట్టి నాలుగు తగిలించి యొప్పించినచో, భేషని మెచ్చుకొందుము. క్రొత్తగా వచ్చిన యువకునికి ఆ మెప్పుకంటె పెద్ద చెఱుపు లేదు. ఊరిపెద్దలు మెచ్చినది మంచిపనియే యని వాడనుకొనును.

రసాయన పరీక్షల మాట యెత్తితిని గనుక ఒక ముక్క. ఏడేండ్లు గాని అంతకు పైబడిగాని శిక్షపడదగిన నేరములలో, శాస్త్రజ్ఞులు నేరస్థలమునకు వచ్చి యానవాళ్లు సేకరింపవలెనని 2024 జూలైనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత చెప్పుచున్నది. రాష్ట్రములు దీనిని అమలుపఱచుకొనుటకు అయిదేండ్ల గడువున్నది. సేకరించినది ప్రయోగశాలకు పోయి జవాబు వచ్చుటకు వారములు, నెలలు పట్టును. సాలుంకేగారి గాజుగొట్టము అచ్చట లేదు.

ఇక మనబోటి పెద్దలకు పనికివచ్చు రెండు మాటలు. ఎవనినైన నిర్బంధించినపుడు పోలీసులు అరెస్టు పత్రము వ్రాసి, వాని కుటుంబములోని వారిచేగాని, ఆ ప్రాంతపు పెద్దమనిషిచేగాని సంతకము చేయింపవలెనని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో డి.కె. బసు కేసున నాదేశించెను. ఇరువదినాలుగు గంటలలో, ప్రయాణకాలమును మినహాయించి, మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెను. టెలివిజనులో సాక్షులను, ముసలివారినైనను, జీపులో నెక్కించి ఠాణాకు దెత్తురు. చట్టము అట్లు చెప్పదు. సాక్షిని విచారింపవలసినపుడు స్త్రీలను, పదునైదేండ్లలోపు బాలురను, అరువదియేండ్లు దాటిన పురుషులను ఠాణాకు రమ్మని నిర్బంధింపరాదు. వారున్న యింటికే వచ్చి యడుగవలెను. ఇదివఱకు పురుషులకీ వయఃపరిమితి అరువదియైదుగా నుండెను, క్రొత్త చట్టమున అరువది యయ్యెను.

మొన్న మా వీధి చివరి పెద్దమనిషికి ఠాణానుండి కబురు వచ్చెను. రాగితీగ విషయమున వాఙ్మూలము కావలెనట. ఆయన చొక్కా తొడుగుకొని బయలుదేరుచుండగా, "మీరు పోనక్కఱలేదు, ఆ కుఱ్ఱవానినే రమ్మనుడు" అని నేను చెప్పితిని. సాయంకాలమున వాడే వచ్చెను. అరుగుమీద చాప వేసితిమి. మజ్జిగ త్రాగి, కాగితము తీసి, ఆయన చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని, మరల మొదటినుండి చదివి వినిపించెను. తీగ యింకను దొరకలేదు.